చౌరస్తల చూసినోళ్లు

ఊరంత చూసింది. భూదేవి ఒక్కతే చూడలే.

దసరా తెల్లారి పొద్దుగాల, నాగులకుంట చౌరస్తల చాయ తాగేటోళ్లు, కోరుట్ల ఆటో కోసం నిలవడ్డోళ్లు, చుట్టాలింటికి పోదామని పిల్లలను సంకనేసుకొని బస్సుకు చూసేటోళ్లు, అందరు చూస్తుండంగనే ఎస్సై భాస్కర్ జీపు దిగి ముసలి ఐలయ్య చెంప మీద కొట్టిండు. ఎందుకంటే ఐలయ్య సర్కారిచ్చిన చెలకల నాగలి వెట్టిండు. ఆ చెలక తనదంటడు శశిధర్ రావు. తాతల నాడు తమ గడి ముంగట చేతులు కట్టుకొని నిలవడ్డోని కొడుకు, ఇయ్యాల తన గెట్టు పక్కపొంటి దున్నుకుంటుంటె రావు సారుకు అన్నం సయిస్తదా? కోర్టుకు పొయ్యి కొట్లాడే ఓపిక ఆయనకెందుకు, ఠాణ ఊర్లెనే ఉండంగ.

ఎస్సై రెండోపారి చెయ్యి లేపంగనే భూదేవి తమ్ముడు సాగర్ ఆ చెయ్యి పట్టుకున్నడు. "ముసలాయన సార్" అన్నడట. అంతే అన్నడట. సిరిసిల్లల సాంచల మీద బట్ట నేసే పోరడు. పండుగకు అక్క దగ్గరికచ్చి, అక్క చేతి కూర తిని, మళ్ల పనికి పోదామని సంచి సదురుకొని బస్సుకు నిలవడ్డోడు. అటెన్క ఏమైందో ఊరందరికి ఎరికే. భూదేవికే ఎరికలేదు. ఆమె అప్పుడు వాడకట్టు అవతల బీడీల కార్ఖానల, పండుగ ముంగట చేసిన కట్టలు అప్పజెప్పే లైన్ల నిలవడ్డది.

లొల్లి ఇని ఉరికచ్చేసరికి చౌరస్త ఎప్పటి తీర్గనే ఉన్నది. చాయ మరుగుతున్నది. సాగర్ సంచిని ఎవలో తీసి హోటల్ గోడకు ఆనిచ్చిండ్రు. నడిమిట్ల ఒక్క చెప్పు వడి ఉన్నది.

"ఏమైంది? ఎక్కడున్నడు వీడు?" అని అడిగింది భూదేవి.

ఆడ ఉన్నోళ్లల్ల ఒక్కలు గూడ ఆమె మొఖం దిక్కు చూడలే. ఒకాయన ఫోన్ చెవుల వెట్టుకొని ఎవలతోనో మాట్లాడుతున్నట్టు పక్కకు జరిగిండు. ఒకామె "నేనిప్పుడే అచ్చిన వదినె" అన్నది. ఆమె చేతుల చాయ గిలాస సల్లారి మీగడ కట్టింది.

డ్యూటీల ఉన్న ఎస్సైని కొట్టిండని సాగర్ మీద కేసు రాసిండ్రు. జగిత్యాల జైలుకు తోలిండ్రు. ఈ కేసు నిలవడితె ఏండ్లకేండ్లు లోపటనే. పైకెల్లి కోర్టుల సాగర్ దిక్కు చెప్పెటోడు ఒక్కడు లేకపోతె నిలవడకేం జేస్తది? అక్కాతమ్ములకు తల్లిదండ్రి లేరు. వాని ఎన్క నిలవడెటోళ్లంటె భూదేవి ఒక్కతే, ఆ ఒక్కదేమో చూడకపాయె.

ఆమె ఇల్లిల్లు తిరిగింది. చాయ హోటల్ పద్మ తోని మొదలువెట్టింది. పద్మ హోటల్ చౌరస్తల్నే ఉంటది. ఆమె చూడకుంట ఆడ కాకి గూడ ఎగురది.

"పద్మా, ఏం చూసినవో గది చెప్పు. నాకు ఇంకేమద్దు."

పద్మ పొయ్యి దిక్కే చూసుకుంట అన్నది. "కెమెరాల ఉంటది గద అక్కా. కంబానికి పెద్ద కెమెరా పెట్టుకుంటిమి గద. అండ్ల అంత దొరుకుతది. నేనెందుకు నడిమిట్ల?"

ఏ ఇంటికి పోయినా గదే మాట. కెమెరాల ఉంటది గద. ఒక్కలు నేర్పినట్టే అన్నరు అందరు.

ఆ కెమెరా సంగతి చెప్పాలె. పోయిన ఎండకాలం ఎస్సై మహిళా సంఘాలోళ్లను పిలిచి మీటింగు వెట్టిండు. కెమెరా ఉంటె పోలీసులు పొద్దుమాపు మీ వాడకట్టునే ఉన్నట్టు అన్నడు. మీ బిడ్డలు పైలం, మీ బంగారం పైలం అన్నడు. ఇండ్లల్ల మొగోళ్లు సగం మంది దుబాయి, మస్కట్ పాయె. ఒంటరిగ పండుకునే ఆడోళ్లకు ఆ మాట మంచిగనే అనిపిచ్చింది. బీడీలు చేసిన చేతులతోని తలా ఇంత ఏసుకున్నరు. శశిధర్ రావు గూడ ఇంత ఏసిండు. కంబం మీద పేరు మటుకు ఆయనదే రాసిండ్రు. కెమెరా చౌరస్తల, దాని టీవీ ఠాణల. మన సొమ్ముతోని మన మీద పెట్టిన కన్ను ఏం చూసిందో మనకు చూపెట్టాలె అని ఆనాడు ఎవలన్న అడిగిండ్రా? అడుగలే. దొంగను పోలీసు చూస్తడు, పోలీసును ఎవలు చూడాలె అనే మాట మనకెవలు నేర్పిండ్రు గనుక?

నాలుగొద్దులు తిరిగెటాలకు భూదేవి వాకిలి ఖాళైంది. అంతకుముందు ఆమె వాకిట్ల చెట్టు నీడకు చాటలు వట్టుకొని ఆడోళ్లు వచ్చి కూసునేటోళ్లు. ఆకు కత్తిరిచ్చుకుంట, తంబాకు నింపుకుంట, అత్తలను తిట్టుకుంట, నవ్వుకుంట పొద్దు గడిపెటోళ్లు. ఇప్పుడు ఎవలింట్ల వాళ్లు తలుపు దగ్గరికేసుకొని బీడీలు చెయ్యవట్టిండ్రు. భూదేవి ఒక్కతే చాట ఒళ్లె వెట్టుకొని కూసుంటది. కత్తెర సప్పుడు ఆమెకే ఇనవడతది. నాగులకుంటల గంత మంది ఉండంగ, తను ఏ అడివిలనో ఉన్నట్టు ఉండె ఆమెకు.

మస్కట్ నుంచి పెనిమిటి సంజీవ్ ఫోన్ చేసిండు. "నువ్వు పోలీసోళ్ల జోలికి పోకు. నేను గింత దూరంల ఉన్న. నీకేమన్నయితె నేనేం జెయ్యాలె?"

"నువ్వు దూరంల ఉన్నవు సరే. ఈడ ఉన్నోళ్లు గూడ దూరమే అయిండ్రయ్యా" అన్నది భూదేవి.  ఇద్దరు ఊకె ఫోన్ పట్టుకొని కూసున్నరు.

జగిత్యాలకు ములాఖత్‌కు పోయింది. ఇనుప జాలి అవతల సాగర్ నిలవడ్డడు. కుడిచేతికి పట్టీ ఉన్నది. మొఖం ఉబ్బింది.

"చెయ్యికేమైందిరా?"

"ఏం గాలేదక్కా. తగ్గుతది."

"ఏం జేసిండ్రు నిన్ను?"

"ఏం జెయ్యలే. నువ్వు బువ్వ తింటున్నవా?" అన్నడు. మళ్ల మళ్ల అడిగితె పక్కకు చూసిండు. అక్కకు చెప్తె అక్క తట్టుకోదని వాని భయం. ఊరేమో చెప్పది, వీడేమో చెప్పడు. ఎవలి మీద కోపం చెయ్యాల్నో తెల్వక తిరుగు బస్సుల కిటికీకి తల ఆనిచ్చి కోరుట్ల దాంక ఏడ్చింది. పక్క సీటామె జరిగి కూసున్నది.

గప్పుడు శ్రీలత అచ్చింది. కోరుట్లల డిగ్రీ ఆఖరు చదివే పిల్ల. భూదేవి వాకిట్ల కూసొని బీడీలు చేసే నర్సక్క మనుమరాలు. "చిన్నమ్మా, కెమెరాల ఉన్నది చూపెట్టుమని మనమే అడుగుదాం. మనం కొన్నదే గద" అన్నది. ఆ ముచ్చట సంఘంల పడ్డది. ఠాణకు పోవుడంటె భయమున్నా, కెమెరా తమదే అన్న ధైర్యంతోని నర్సక్క, పద్మ, ఇంకో పదిమంది బయిలెల్లిండ్రు. భూదేవికి ఎన్నొద్దులకో కడుపుల ఇంత నిమ్మళమైంది.

ఎస్సై భాస్కర్ కోపం చెయ్యలే. కుర్చీలు ఏపిచ్చిండు. "చూసుకోండ్రమ్మా. మా దగ్గర దాసేదేముంది?" అని ఆనాటిది టీవీల పెట్టిచ్చిండు.

టీవీల చౌరస్త లేదు. అంత ఎర్రగ ఉన్నది. పసుపు పచ్చగ ఒక మరక, దాని మీద ఎర్రటి మరక. మూలకు ఒక్కకాడ మనుషుల కాళ్లు కదులుతున్నట్టు అనిపిస్తది, గంతే.

ఆడోళ్లు ఒకలి మొఖం ఒకలు చూసుకున్నరు. ఎస్సై నవ్విండు. "దసరా నాడు దానికి బొట్టు ఎవలు వెట్టిండ్రమ్మా?"

వెట్టింది వాళ్లే. పండుగ నాడు చేతికి అన్నం వెట్టే ప్రతి వస్తువుకు బొట్టు వెడ్తరు మనోళ్లు. నాగండ్లకు, ఆటోలకు, సాంచలకు, బీడీల కత్తెరలకు. మనం కొన్న కెమెరా, మనను కాపాడే కెమెరా, దాన్ని ఊకె ఎట్ల ఇడుస్తం అనుకున్నరు. నిచ్చెన ఎక్కి, ఇంత నూనెల పసుపు కలిపి, కుంకుమ అద్ది, అద్దం మీద మంచిగ వెట్టింది భూదేవే. నిచ్చెన పట్టుకున్నది సాగర్.

"మీరే కన్ను మూసిండ్రు, మీరే చూపెట్టుమంటున్నరు" అన్నడు ఎస్సై. కానిస్టేబుల్లు గూడ నవ్విండ్రు.

శ్రీలత ఒక్కతే అడిగింది. "పండుగ నాటి సంది ఎర్రగ ఉంటె మీరు ఇన్నొద్దులు చూడలేదా సార్? తుడిపియ్యలేదా? అంటె ఈ టీవీని ఎవలు చూడరన్నట్టేనా?"

ఎస్సై నవ్వు ఆగింది. "నువ్వెవలు? ఏం చదువుతున్నవ్?" అని పేరు, కాలేజి అడిగిండు. నర్సక్క మనుమరాలి చెయ్యి పట్టుకొని బయటికి గుంజుకచ్చింది.

తిరిగి అచ్చేటప్పుడు ఆడోళ్లందరు ముంగట నడిచిండ్రు. భూదేవి ఎన్క ఒక్కతే నడిచింది. ఎవలు ఏమనలే. అనకపోవుడే ఎక్కువయింది ఆమెకు. తమ్ముడు నిచ్చెన పట్టుకుంటె, తన చేతులతోనే వాని సాక్ష్యం మూసిన అనుకున్నది. ఆ మాట ఎవలన్న పైకి అన్నా బాగుండు, తిట్టినా బాగుండు అనిపిచ్చింది.

ఆ వారమే సంఘం బిల్డింగుల పంచాయితి పెట్టిండ్రు. శశిధర్ రావు రాలే. ఆయన మాట వట్టుకొని సర్పంచు అచ్చిండు. "రావు సారు పెద్దమనసు చేసిండు. సాగర్ తప్పయ్యిందని ఎస్సై ముంగట ఒప్పుకోవాలె. ఐలయ్య ఆ చెలక దిక్కు పోవద్దు. మిగిలింది సారు చూసుకుంటడు. పోరడు ఇంటికొస్తడు."

"మంచి మాటనే గద" అన్నరు నలుగురైదుగురు మొగోళ్లు. "ఖతం చేసుకుందాం. పెద్దోళ్లతోని, పోలీసోళ్లతోని మనమేం గెలుస్తం?"

ఐలయ్య మూలకు గోడకానుకొని కూసున్నడు. లేచి తలపాగ తీసిండు. "చెలక ఇడిసిపెడ్త బిడ్డా భూదేవీ. నా పానానికి పోరడు జైల్ల ఉండుడెందుకు? తీస్కోపోమను."

చూడుండ్రి, అబద్ధం చెప్పద్దు. భూదేవి మనసు గుంజింది. సరే అంటె తమ్ముడు రేపో మాపో ఇంట్ల ఉంటడు. ఆ చెయ్యి చూడచ్చు. అన్నం కలిపి పెట్టచ్చు. సరే అనేటందుకు నోరు గూడ తెరిచింది. తెరిచి, ఆ ముసలాయన చేతుల తలపాగ చూసింది.

"నువ్వు చెలక ఇడిసిపెడ్తె నా తమ్ముడు తిన్న దెబ్బలు ఎవలి కోసం తిన్నట్టు కాకా?" అన్నది. మళ్ల అందరి దిక్కు తిరిగింది. "బొట్టు వెట్టింది నేనే. తప్పు నాదే. కెమెరాకు కనబడలే. మీకు కనబడ్డది గద. ఒక్కలన్న చెప్పుండ్రి, నేను చూసిన అని. ఒక్కలు."

తలలు వంచుకున్నరు. సర్పంచు దగ్గిండు. పద్మ కొంగు నోట్లె పెట్టుకున్నది. భూదేవి జెరసేపు చూసి, చెప్పులేసుకొని బయటికి నడిచింది. ఊరు అంటె ఏందో ఆ పొద్దు ఆమెకు తెల్వలే. గిన్ని ఇండ్లు, గిన్ని కండ్లు, ఒక్క నోరు లేదు.

తెల్లారి ఆమె చాట ముంగటేసుకొని కూసున్నది. ఎవలో అచ్చి ఎదురుంగ కూలవడ్డరు. తలెత్తితె నర్సక్క. తన చాట ఒళ్లె వెట్టుకొని, ఆకు తీసి, కత్తిరియ్యకుంట ఊకె పట్టుకొని కూసున్నది.

"నేను చూసిన చెల్లె" అన్నది ఆఖరుకు. "మొదాలు ఏం జేసిండంటె..."

"ఆగు నర్సక్కా" అన్నది భూదేవి. "నాకొక్కదానికి చెప్తె నేను ఏడ్చుడు తప్ప ఏం జేస్త? పదిమంది ముంగట చెప్పు. కాయిదం మీద రాసుకునేటోని ముంగట చెప్పు. చెప్తవా?"

నర్సక్క చేతుల ఆకును మళ్ల చాటల పెట్టింది. "నాకు భయం" అన్నది.

"నాకు లేదా?"

నర్సక్క లేచిపోయింది. ఇంటికి పోలే. చాట సంకనేసుకొని వాకిలి వాకిలికి పోయి కూసున్నది. ఎవలను ఏం అడుగలే. తను చూసింది తను చెప్పింది. "మోకాలి మీద కొట్టిండ్రు మొదాలు. నేను చెప్తున్న సాక్ష్యం. నువ్వేం చూసినవో నీ ఇష్టం" అని లేచింది. మూడో వాకిట్ల ఒకామె ఆగలేకపోయింది. "మోకాలి మీద గాదక్కా, మొదాలు భుజం మీద. నేను ఇంకా దగ్గరున్న" అన్నది. ఇంకొకామె కాదన్నది. ఎవలు ఎక్కడ నిలవడ్డరు, జీపు ఎటు మొఖాన ఉండె అని లొల్లి మొదలైంది. గిన్నొద్దులు మింగిన మాట ఆ లొల్లిల బయటవడ్డది. మాట్లాడి మాట్లాడి ఒకలి గొంతు ఒకలు ఇన్నంక భయం సగమైంది. మనం ఒక్కొక్కలమే చూసినమనుకున్నం, అందరం చూసినం గద అన్నది పద్మ.

శ్రీలత పై ఆఫీసర్లకు అర్జీ రాసింది. "పోలీసోళ్ల మీద ఫిర్యాదు ఇనేటందుకు జిల్లకొక కమిటీ ఉండాల్నని పెద్దకోర్టు ఎన్నడో చెప్పిందంట" అని చదివి చెప్పింది.

"మరి మన జిల్లల యాడ కూసుంటరు వాళ్లు?" అని అడిగింది నర్సక్క.

"తిరిగిన అమ్మమ్మా. నాకు దొరకలే."

"దొరికేదాంక మనమే కూసుందాం" అన్నది నర్సక్క.

అర్జీ మీద అర్జీ పోంగ పోంగ ఒక డీఎస్పీ విచారణకని అచ్చిండు. ఠాణల ఎస్సై గదిల్నే కూసున్నడు. సాక్షులను ఒక్కొక్కలనే లోపటికి రమ్మని కానిస్టేబుల్‌ను తోలిండు. వాడు బయటికచ్చి చూస్తె ఆడోళ్లు ఠాణ గేటు ముంగటి చౌరస్త నిండ చాటలు వెట్టుకొని కూసున్నరు. బీడీలు ఆపితె పొయ్యి మండది, అందుకే పని ఎంటవెట్టుకొనే అచ్చిండ్రు. కత్తెర్లు నడుస్తున్నయి. బస్సు ఆగింది. దిగినోళ్లు గూడ నిలవడ్డరు.

డీఎస్పీ గేటు దాంక అచ్చిండు. "విచారణకు పద్ధతి ఉంటుందమ్మా. ఒక్కొక్కరే లోపలికి రావాలి."

"లోపటికి రాము సార్" అన్నది నర్సక్క. "లోపటికి పోయినోడు ఎట్ల బయటికొస్తడో చూసినం."

"ఠాణ మీద విచారణ ఠాణల్నే ఎట్ల చేస్తరు సార్?" అన్నది శ్రీలత. "చౌరస్తల జరిగింది. చౌరస్తల్నే అడుగుండ్రి. రాసింది మాకు చదివి ఇనిపియ్యుండ్రి."

ఎస్సై ముంగటికచ్చిండు. "రోడ్డు బంద్ వెట్టినందుకు అందరి మీద కేసులు రాస్త. లెవ్వుండ్రి."

"రాసుకో సారు. పేరు నర్సక్క. ఇంటిపేరు గూడ చెప్పాల్నా?"

"నా పేరు పద్మ. హోటల్ బంద్ చేపిస్త అన్నవు గద, బంద్ చేసే అచ్చిన."

ఒకలెన్క ఒకలు పేర్లు చెప్పవట్టిండ్రు. ఎన్క నిలవడ్డ మొగోళ్లు గూడ ముంగటికి జరిగిండ్రు. డీఎస్పీ ఎస్సై దిక్కు చూసిండు, జనం దిక్కు చూసిండు, ఆగిన బస్సు దిక్కు చూసిండు. కుర్చీ బయటికి తెమ్మన్నడు.

మొదాలు భూదేవిని పిలిచిండు. "ఫిర్యాదు చేసింది మీరే కదా. ఏం చూశారు?"

"నేను చూడలే సార్."

ఎస్సై పకపక నవ్విండు. "చూడనోళ్లు పెట్టిన ఫిర్యాదు సార్ ఇది."

"చూడలే" అన్నది భూదేవి మళ్ల. "చూసినోళ్లు వీళ్లు. అడుగుండ్రి." అని పక్కకు జరిగి మట్టిల కూసున్నది.

నర్సక్క చెప్పింది. ఎవలు పట్టుకున్నరో, ఎవలు కొట్టిండ్రో. ఐలయ్య చెప్పిండు. "నేను కింద వడ్డ సార్. పోరడు నా మీద వంగిండు. నాకు రావాల్సిన దెబ్బలన్ని వాని ఈపు మీద వడ్డయ్. నాకొక్కటి గూడ తాకనియ్యలే." ఆటో నడిపే రమేశ్ చెప్పిండు. "చెయ్యి రోడ్డు మీద ఉన్నది సార్. బూటు తోని తొక్కిండు. ఈయనే, ఈ ఎస్సై సార్. సాంచల మీద పోగులతికే చెయ్యి అది."

భూదేవి తన కుడిచెయ్యి ఎడమచేత్తోని పట్టుకున్నది. ఏం గాలేదక్కా అన్నడు వాడు.

పద్మ లేచింది. డీఎస్పీ కలం పట్టుకొని చూస్తున్నడు.

"అక్కా అని మొత్తుకున్నడు సార్" అన్నది పద్మ. "అక్కా, అక్కా అని. మేం అందరం ఆడనే ఉన్నం. వాడు మమ్ములందరిని గట్లనే పిలుస్తడు. ఎవలను పిలుస్తున్నడో ఏమో, నన్ను గాదు అనుకున్న. నేను చాయ వోస్తున్న సార్ అప్పుడు. చాయ వోసుడు ఆపలే."

చౌరస్తల కత్తెర్లు ఆగినయి. ఇన్నొద్దులు భూదేవి ఇల్లిల్లు తిరిగి, కాళ్లు మొక్కి అడిగింది ఈ మాటలే. ఇప్పుడు ఒక్కొక్క మాట వచ్చి మీద వడుతుంటె, చెవులు మూసుకొని ఇంటికి ఉరకాలె అనిపిచ్చింది. తన తమ్ముడు పిలిచిండు. తను కార్ఖానల కట్టలు లెక్కవెట్టుకుంట నిలవడ్డది. ఈ దుఃఖం గింత మందిల గూడ ఆమె ఒక్కదానిదే. పద్మ అచ్చి పక్కన కూసొని చెయ్యి పట్టుకుంటె గుంజుకోలే, పట్టుకోనిచ్చింది.

డీఎస్పీ రుమాలుతోని మొఖం తుడుచుకున్నడు. కాయిదాలు సదిరిండు. "చాలు. నాకు అర్థమైంది. నివేదిక పంపిస్తాను" అని లేవబోయిండు.

ఎన్క ఒక ముసలామె అప్పటికే లేచి నిలవడ్డది. ఆమె ఎన్క ఇంకొకామె. ఆమె ఎన్క నాడు ఫోన్ చెవుల వెట్టుకొని పక్కకు జరిగినాయన.

"కూసో సార్" అన్నది భూదేవి. మట్టిలనుంచి లేవలే, గొంతు లేపలే. "ఇంకా చూసినోళ్లున్నరు. చదివి గూడ ఇనిపియ్యాలె మీరు. నేను చూడలే సార్. అంత ఇనాలె."

డీఎస్పీ మళ్ల కూసున్నడు. ముసలామె చెప్పుడు మొదలువెట్టింది.